ఆమెకే పడ్డ నలభై ఒక్క ఓట్లు

తలుపు మీద పడిన దెబ్బలు విని, కండక్టరు పక్కింటికి రావలసిన ప్లంబరు దారి తప్పి ఇటొచ్చాడనుకున్నాడు. విసుక్కుంటూ తలుపు తీస్తే ఎదురుగా నలభై అయిదేళ్ల ఆవిడ. ఒక బుగ్గ బూరెలా వాచి ఉంది. జుట్టు సగమే ముడిపడింది. కళ్లు చూస్తే రాత్రంతా నిద్రలేదని తెలిసిపోతోంది.

"స్టెనోగారు ఉన్నారా? సాయంత్రం ఆరింటికి నన్ను దొంగని చేసి వెళ్లగొడుతున్నారండీ" అంది, గుమ్మంలోనే.

స్టెనోగారంటే పట్టణంలో తెలియనివాళ్లు తక్కువ. ఇరవై ఎనిమిదేళ్లు కోర్టులో సాక్షుల మాటలు షార్ట్‌హ్యాండులో రాసుకున్న మనిషి. రిటైరయ్యాక ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు కట్టింది. ముఖం చూసి అబద్ధం పట్టుకుంటాననేవాళ్లని చూస్తే ఆవిడకి నవ్వు. ముఖం ఎవడైనా దిద్దుకుంటాడు, మాట దిద్దుకోవడం ఎవడి తరమూ కాదంటుంది. ఇరవై ఆరేళ్లు బస్సులో టికెట్లు కొట్టి వచ్చిన కండక్టరు ఆవిడ దగ్గర సహాయకుడిగా చేరి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో ఆవిడ పొరపడగా చూడలేదని ప్రమాణం చేసి చెబుతాడు. అడగనివాళ్లకి కూడా చెబుతాడు.

"కూర్చోండమ్మా. నీళ్లు తాగండి. తర్వాత మొదట్నించీ చెప్పండి, మధ్యలోంచి వద్దు" అంది స్టెనోగారు.

వచ్చినావిడ చెప్పింది. అదొక క్రిప్టో నాణెం. చేత్తో పట్టుకునేది కాదు, కంప్యూటర్లలో తిరిగేది. దాన్ని నడిపేది ఒక కంపెనీ కాదు, దేశదేశాల్లో ఉన్న తొమ్మిది వందల చిల్లర సభ్యులు. కోడ్ రాసేవాళ్లు కొందరు, బొమ్మలు గీసేవాళ్లు కొందరు.

"నేను కోడ్ రాయనండీ. మీటింగులు పెడతాను. చర్చల్లో జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్లని విడదీస్తాను. కొత్తవాళ్లని కూర్చోబెట్టి అర్థమయ్యేదాకా చెబుతాను. ఎవరు ఏ పని ఒప్పుకున్నారో గుర్తుపెట్టుకుని వెంటపడతాను. మూడేళ్లయింది. అందరూ అక్కా అంటారు."

"జీతం?"

"అక్కా అంటారు" అందామె మళ్లీ.

కండక్టరుకు నవ్వొచ్చింది, ఆవిడ ముఖం చూసి ఆపుకున్నాడు.

సభ్యులందరిదీ ఒక ఉమ్మడి నిధి ఉందట. పని చేసేవాళ్లు ఫలానా పనికి ఇంత కావాలని ప్రతిపాదన పెడితే సభ్యులు ఓటు వేసి ఇస్తారట. కోడ్ వాళ్లకి ఇచ్చారు, బొమ్మల వాళ్లకీ ఇచ్చారు. ఈ విడతలో అక్క తన పనికి ఒక ఏడాది జీతం అడిగింది. పగలు స్కూలు ఆఫీసులో గుమాస్తా పని, మిగతా పూటంతా ఇదీ. రెండూ మోయలేక నడుం విరుగుతోంది. ఇది వస్తే అది మానేద్దామని ఆశ.

"ఓట్లు ఇవాళ సాయంత్రం ఆరింటికి తెరుచుకుంటాయి. అప్పటిదాకా ఎవరు ఎటు వేశారో ఎవరికీ తెలియదు. కానీ నిన్న మా ఖజాంచి ఓటర్ల పట్టీ చూశాడు, ప్రతి బుధవారం చూస్తాడులెండి. అందులో మంగళవారం ఒక్కరోజే చేరిన కొత్తవాళ్లు నలభై ఒక్కమంది. పాత సభ్యులెవరైనా జామీను ఉంటేనే కొత్తవాళ్లకి ఓటు. ఆ నలభై ఒక్కమందికీ జామీను నాదే! నేనసలు వాళ్లని చూడనే లేదండీ! లేని మనుషుల్ని పుట్టించి నాకు నేనే ఓట్లు వేసుకున్నానంటున్నారు."

"జామీను ఎలా ఇస్తారు?"

అక్క సంచీలోంచి వేలెడంత పరికరం తీసింది. దాన్ని తాళం అంటారట. కంప్యూటరుకు తగిలించి నాలుగు అంకెలు నొక్కితే అది ఆవిడ సంతకం. మంగళవారం స్కూలుకి సెలవు పెట్టి, పన్ను పీకించుకోవడానికి పదకొండు నుంచి రెండు దాకా ఆవిడ ఆసుపత్రిలో ఉంది. సంచీ, ఊళ్లో ఆ నాణెం పని చూసే చిన్న ఆఫీసులో, కుర్చీకే వేలాడుతోంది. ఆ పూట ఆఫీసులో ఉన్నది ముగ్గురు. ప్రాజెక్టు మొదలుపెట్టి అందరిచేతా పెద్దన్న అనిపించుకునే ఆయన, ఖజాంచి, ఆవిడ సొంత తమ్ముడు. తమ్ముడు కోడ్ రాస్తాడు.

"మీ నాలుగంకెలు ఎవరికి తెలుసు?"

"అందరికీ. నేను లేకపోతే పని ఆగకూడదని నేనే చెప్పా."

"ఆసుపత్రి రసీదు చూపించకపోయారా?" అన్నాడు కండక్టరు.

"చూపించాను. తాళం నీతోనే పట్టుకెళ్లి ఫోన్లోంచి చేశావన్నారు. నోట్లో దూది కుక్కించుకుని, నలభై ఒక్క జామీనులు!" అంటూనే ఆవిడ ఏడ్చేసింది. "జీతం పోతే పోయిందండీ. మూడేళ్లు నా నోటిమాట నమ్మి వచ్చారు జనం. వాళ్ల ముందు దొంగనైతే ఇంకేం మిగులుతుంది నాకు?"

స్టెనోగారు ఓదార్చలేదు. ఆవిడ తీరు అది. "ఒక పని చెయ్యండి. మా కండక్టరుగారు కొత్తగా చేరడానికి వచ్చారనుకోండి. ఆయనతో ఎలా మాట్లాడతారో చూపించండి" అంది.

కండక్టరు ఇబ్బందిగా కదిలాడు. అక్క కళ్లు తుడుచుకుని ఆయన వైపు తిరిగింది. తిరగడంతోనే మనిషి మారిపోయింది. పేరడిగింది, ఏం పని చేసేవారని అడిగింది. తర్వాత, "రోజులో మీకు ఏ వేళ ఖాళీ?" అంది.

"ఖాళీకేమమ్మా, బోలెడు. ఫస్ట్ బస్సు అలవాటు కదా, తెల్లారగట్ల నాలుగింటికే మెలకువొచ్చేస్తుంది. ఏడింటిదాకా ఏం చెయ్యాలో తోచదు. మా ఆవిడ పోయాక మరీనూ. గోడకేసి చూస్తూ కూర్చుంటా." ఈ మాట ఆయన నాలుగేళ్లలో స్టెనోగారికి కూడా చెప్పలేదు.

"ఆ వేళకి భూమికి అవతలివైపు వాళ్లు మేలుకుని ఉంటారండీ. ప్రశ్నలు అడుగుతుంటారు, జవాబు చెప్పడానికి మావాళ్లెవరూ లేవరు. మీరు మాకు కావాలి" అంది అక్క. కాగితం మీద ఆయన పేరు రాసి, పక్కన 'తెల్లారగట్ల నాలుగు నుంచి ఏడు' అని రాసింది. "ఈ ముక్కే జామీనులో ఎక్కిస్తాను. అంతే."

కండక్టరు కిటికీలోంచి బయటికి చూశాడు. మీరు మాకు కావాలన్న మాట విని ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు.

"ఈ పద్ధతి ఎక్కడైనా రాసిపెట్టారా?" అడిగింది స్టెనోగారు.

"రెండేళ్ల కిందట ఒక పేజీ రాసి పెట్టా. ఎవరూ చూడరు. నేనే చూడను."

ఆఫీసు ఒక కళ్లద్దాల దుకాణం పైన, మూడో అంతస్తులో ఉంది. మూడు గదులు. గోడలకి తెల్ల బోర్డులు, కాళ్లకి అడ్డం తగిలే వైర్లు, అడుగున టీ ఎండిపోయిన కప్పులు. కప్పులు కడిగేది ఎవరో కండక్టరు అడగలేదు. రెండ్రోజులుగా ఆ పని జరగలేదని మాత్రం కనబడుతోంది.

స్టెనోగారు ముందు అక్క కంప్యూటరు దగ్గర కూర్చుని ఆ నలభై ఒక్క జామీనులూ చదివింది. కండక్టరు భుజం మీదుగా తొంగిచూశాడు. ఒక్కో పేరు పక్కన ఒక్కో ముక్క. 'స్నేహితుడు చెప్పాడు.' 'ఇంటర్నెట్లో చూశాను.' 'ఆఫీసులో విన్నాను.' 'మా బావ చెప్పాడు.' చప్పటి మాటలు, పది చదివేసరికే ఆయనకి ఆవలింత వచ్చింది. స్టెనోగారు మాత్రం నలభై ఒకటీ చదివింది, ఆ తర్వాత కిందటి నెలవి, అంతకు ముందు నెలవి, అలా ఏడాది వెనక్కి వెళ్లి అన్నీ చదివింది.

పెద్దన్న మెత్తటి మనిషి. గెడ్డం నిమురుకుంటూ, ఎదుట ఇద్దరే ఉన్నా రెండొందల మందికి చెబుతున్నట్టు మాట్లాడాడు. "ఆవిడ మా గుండెకాయండీ. ఆవిడ లేకపోతే మేం లేం."

"గుండెకాయకి జీతం ఇవ్వాలంటారా?"

"అది సభ్యుల ఇష్టం. నేను వేలు పెట్టను."

"కొత్తవాళ్లతో ఆవిడేం చేస్తారో తెలుసా?"

"తెలుసు. కిందటేడు నాలుగుసార్లు పక్కన కూర్చుని నేర్చుకోబోయా. ఏ వేళ ఖాళీ అని అడుగుతుంది, అంతే, మనిషి మొత్తం కక్కేస్తాడు. నేనూ అదే అడిగా. నాకు టైము చెప్పి ఊరుకున్నారు" అని నవ్వాడు. మంగళవారం తలుపు వేసుకుని ఫోన్లో ఉన్నానన్నాడు.

ఖజాంచి చెవి మీద పెన్సిలు పెట్టుకుని, ముఖం మాడ్చుకుని ఉన్నాడు. "నేను మొహం మీదే చెప్పా. మాటలకి జీతం మొదలుపెడితే రేపు నవ్వినందుకూ అడుగుతారు."

"మీ నిబంధనలు చెప్పండి."

"జామీను లేనిదే ఓటు లేదు. నిధి నుంచి ఏడాదిలో ఒక ఇంటికి ఒక్క సాయమే. దొంగ జామీను పెడితే మనిషి బయటికి. ఎవరైనా సరే."

"ఆవిడ పని మీకు తెలుసా?"

"తెలియకేం! ఆవిడకి కాలు విరిగినప్పుడు నెల్లాళ్లు నా నెత్తిన పడేశారు. ఒక్కొక్కణ్ణీ ఎప్పుడు ఖాళీ అని అడగాలి, వాడి సోదంతా వినాలి, ఆ టైము రాసుకోవాలి. ఆ నెల నేను నాలుగు కేజీలు తగ్గాను. నిన్న పట్టీ చూసి బయటపెట్టిందీ నేనే. తప్పంటారా?"

కండక్టరు ఆయన్ని చూడగానే తేల్చేసుకున్నాడు. ఇంత కడుపుమంట ఉన్నవాడే చేస్తాడు, ఇంకెవరు చేస్తారు!

తమ్ముడు చెవులమీంచి హెడ్‌ఫోన్లు తీసి లేచి నిలబడ్డాడు. ముప్ఫై దాటని కుర్రాడు, మర్యాదస్తుడు. "మా అక్కని ఏమీ అనకండి మేడం. మూడేళ్లు ఊరికే చేసింది కదా, పాపం ఆశపడి చేసుంటుంది. ఇంట్లోనూ అంతే, అందరి పనీ నెత్తినేసుకుంటుంది."

"కొత్తవాళ్లతో ఏం చేస్తారావిడ?"

"ఏముంది మేడం? పేరు అడగడం, మా గురించి ఎవరు చెప్పారని అడగడం, రాసుకోవడం, తాళం నొక్కడం. మనసుపెట్టి చేస్తుంది గానీ, పది నిమిషాల పని. ఎవరైనా చేస్తారు."

"మీరెప్పుడైనా చేశారా?"

"నాకెక్కడ తీరుతుంది మేడం! ఒక్కసారి కూడా కూర్చోలేదు. నాణేలు దాచుకునే కొత్త వాలెట్ ప్రోగ్రాం రాస్తున్నా, మూణ్నెల్లుగా అదే పని. వచ్చే విడతలో నిధికి పెట్టుకోవాలి."

మెట్ల దగ్గర కండక్టరు ఆగలేకపోయాడు. "ఖజాంచే కదూ మేడం?"

"మీరు భుజం మీంచి చదివారు, ముగ్గురి మాటలూ విన్నారు. నేను చూసింది మీరూ చూశారు, నేను విన్నది మీరూ విన్నారు" అంది స్టెనోగారు. కండక్టరు తల గోక్కున్నాడు.

ఆరు కావడానికి పది నిమిషాలుందనగా అందరూ పెద్ద గదిలో చేరారు. గోడ మీది తెరలో దేశదేశాల సభ్యుల ముఖాలు, రెండొందలకి తక్కువ లేవు. అక్క గోడవార కుర్చీలో వాచిన బుగ్గ చేత్తో పట్టుకుని కూర్చుంది. పెద్దన్న నేరారోపణ చదివాడు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. దానివల్ల కండక్టరుకు ఒళ్లు ఇంకా మండింది.

స్టెనోగారు లేచింది. నోట్‌బుక్కు కూడా తెరవలేదు.

"గెలవడానికి దొంగ ఓట్లు వేసేవాడు దాక్కుని వేస్తాడు. రోజుకి రెండు, మూడు, వేర్వేరు మనుషుల జామీనుతో. ఇక్కడ నలభై ఒకటీ ఒకే పూట, ఒకే జామీను, ఒకదాని వెనక ఒకటి. మర్నాడు బుధవారం ఖజాంచిగారు పట్టీ చూస్తారని మీ అందరికీ తెలుసు. ఇవి గెలిపించే ఓట్లు కావు, పట్టించే ఓట్లు. ఇక ఎవరు వేశారంటే, అక్క తాళం అందుబాటులో ఉన్నది ముగ్గురికి. జామీనులో ఒక ముక్క రాయాలి. అక్క ఏం రాస్తుంది? గడిచిన ఏడాదివి ఒక్కొక్కటీ చూశాను. అన్నీ వేళలే. పొద్దున, సాయంత్రం, తెల్లారగట్ల. పెద్దన్నగారికి ఆ సంగతి తెలుసు, పక్కన కూర్చుని చూశారు. ఖజాంచిగారికి తెలుసు, నెల్లాళ్లు చేశారు. వాళ్లలో ఎవరైనా అక్కలా రాయాలనుకుంటే వేళే రాసేవాళ్లు. ఈ నలభై ఒకటిలో ఒక్క వేళ లేదు. స్నేహితుడు చెప్పాడు, బావ చెప్పాడు, ఇంటర్నెట్లో చూశాను! అది ఎక్కడిదమ్మా?"

అక్క నెమ్మదిగా తలెత్తింది. "అది నా పాత పేజీలోది. 'మా గురించి ఎవరు చెప్పారు' అని అడగమని రాశాను. ఒకసారి ఒకావిడని అడిగితే, మా ఆయన చెప్పారు, పోయిన నెలే పోయారు అని తెరమీదే భోరుమంది. ఆ రోజు నుంచి ఆ ప్రశ్న మానేశాను. పేజీ దిద్దలేదు. ఎవరూ చదవరు కదా అని..."

"ఒకరు చదివారు" అంది స్టెనోగారు. "ఈ పని ఎన్నడూ చేయనివాళ్లు, చూడనివాళ్లు, పేజీ తెరిస్తే చాలు ఎవరైనా చేసేస్తారనుకున్నవాళ్లు. ఇందాక ముగ్గుర్నీ ఒకే ప్రశ్న అడిగాను. ఇద్దరు వేళ అన్నారు, ఒకరు 'ఎవరు చెప్పారు' అన్నారు. ఖజాంచిగారూ, ఇక్కడ ఏ పేజీ ఎవరు ఎప్పుడు తెరిచారో దాఖలా ఉంటుందట కదా. ఒకసారి చదవండి."

ఖజాంచి కళ్లద్దాలు పెట్టుకున్నాడు. కాసేపు వెతికాడు. "రెండేళ్లలో ఒక్కసారే తెరిచారు. మంగళవారం, పదకొండూ ఇరవైకి. తెరిచింది..." అని తమ్ముడి వైపు చూశాడు.

తమ్ముడు ముందు నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ముఖం ఎర్రబడింది.

"ఇంటికి ఒకటే సాయం అన్నారు మరి! అక్కకొస్తే నాది చూడకుండానే కొట్టేస్తారు. మూణ్నెల్లుగా కళ్లు పోయేలా రాస్తున్నా నేను. తను చేసేది... అక్కా, నువ్వే చెప్పు, అదొక పనేనా?"

అక్క లేచి వాడి దగ్గరికి వెళ్లింది. కొడుతుందనుకున్నాడు కండక్టరు. కొడితే బాగుండుననీ అనుకున్నాడు.

"అడగచ్చు కదరా" అంది. "అడిగితే నేనే వెనక్కి తీసుకునేదాన్ని. నీకోసం ఏది తీసుకోలేదు? దొంగని చేశావేరా నన్ను, ఇంతమందిలో!"



అప్పుడే ఆరయింది. ఓట్లు వాటంతటవే తెరుచుకున్నాయి. పేర్లతో సహా తెరమీద పరుచుకున్నాయి. నలభై ఒక్క దొంగ ఓట్లూ అక్కకే పడ్డాయి. వాటిని తీసేసి ఖజాంచి మిగతావి ఒక్కోటీ సరిచూసి చదివేసరికి ఆరూ ముప్పావయింది. ఇవ్వాలన్నవాళ్లు ముప్ఫై ఎనిమిది మంది. వద్దన్నవాళ్లు నూట పదిహేడు. మిగిలిన ఏడొందల పైచిలుకు మంది ఓటే వేయలేదు.

అక్క తెరకి దగ్గరగా వెళ్లి ఒక్కో పేరూ చదువుతోంది. వాళ్లందరినీ ఆవిడే కూర్చోబెట్టి మాట్లాడింది. ఎవరికి ఏ వేళ ఖాళీయో ఆవిడకి నోటికి వచ్చు. ముప్ఫై ఎనిమిదిలో ఖజాంచి పేరుంది. నూట పదిహేడులో మొట్టమొదటి పేరు పెద్దన్నది.

"మీరా?" అంది ఖజాంచితో.

"మొదలెడితే ఆగదని భయం, నిజమే. కానీ నెల్లాళ్లు చేశానుగా" అని ఆయన నేల చూశాడు. "అది పనే."

"సూత్రం అక్కా, సూత్రం" అన్నాడు పెద్దన్న. "సేవకి ధర కడితే సేవ పోతుందని నా నమ్మకం. మీ మీద గౌరవం ఎక్కడికీ పోదు."

తమ్ముడు తెరమీది అంకెలు చూశాడు. "అయితే నేను ఏమీ చెయ్యకపోయినా..."

స్టెనోగారు నోట్‌బుక్కు సంచీలో పెట్టుకుంది. కేసు తేల్చినప్పుడల్లా ఆవిడ కళ్లలో కనబడే మెరుపు కోసం కండక్టరు వెతికాడు. ఇవాళ అది లేదు. ఆయనకీ చప్పట్లు కొట్టాలనిపించలేదు.

"పోనీలెండి, మీ పేరు కడిగిన ముత్యంలా బయటపడింది" అంటూ పెద్దన్న చేతులు జోడించాడు. "తమ్ముడి సంగతి నిబంధన చూసుకుంటుంది. మీరు మనసులో ఏం పెట్టుకోకండి. అన్నట్టు, ఇవాళ గురువారం కదా, ఏడింటికి కొత్తవాళ్లు పదకొండుమంది వస్తున్నారు. కాస్త మీరు..."

అక్క తిట్టలేదు. తాళం తీసి బల్లమీద పెట్టింది. కుర్చీకున్న సంచీ భుజాన వేసుకుంది.

"నువ్వు ఇవాళ ఇంటికి రాకు" అంది తమ్ముడితో. "రేపటి సంగతి రేపు చూద్దాం."

మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు వినబడుతుండగానే ఏడయింది. తెరమీది పాత ముఖాలు పోయి, పదకొండు కొత్త ముఖాలు వచ్చాయి. పెద్దన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గెడ్డం నిమురుకున్నాడు.

"అందరికీ స్వాగతం" అన్నాడు. అక్కడ ఆగాడు.

పదకొండుమందీ ఎదురుచూస్తున్నారు. "మాతో అక్క మాట్లాడతారన్నారే?" అంది తెరలోంచి ఒక పెద్దావిడ. పెద్దన్న తలుపు వైపు తిరిగి చూశాడు. అక్కడ స్టెనోగారూ కండక్టరూ తప్ప ఎవరూ లేరు.

"మీకు... అంటే... మీకు ఏ వేళ ఖాళీ అండీ?" అన్నాడు.

"సాయంత్రాలు" అందావిడ. చెప్పి ఊరుకుంది.

కండక్టరు గుమ్మంలో నిలబడి చూస్తుండగానే పదకొండుమంది తొమ్మిదయ్యారు. తొమ్మిది ఆరయ్యారు. పెద్దన్న ఇంకా "ఆఁ... ఏమిటంటే..." అంటూనే ఉన్నాడు.